ఎర్రగా గీసిన బిళ్ళ

జములమ్మ పోయిన పదమూడో రోజు. దినాలకు వచ్చిన చుట్టాలు ఇంకా ఇల్లు ఖాళీ చేయనేలేదు. ఆమె పెద్దకొడుకు దశరథం, కంసాలి పని చేసే అవుసుల వెంకట్రాములును వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. వెంకట్రాములు చంకలో గుడ్డసంచి ఉంది. అందులోంచి త్రాసు, గీటురాయి, తేజాబు అనే ఆమ్లం సీసా బయటికి రాగానే చిన్నకోడలు హన్మమ్మకు సంగతి అర్థమైంది. అత్త మెడలో ఉండిన రెండు బిళ్ళలను అన్నదమ్ములు ఈరోజే పంచుకుంటారు.

ఖిల్లా ఘణపురంలో ఆ బిళ్ళల గురించి తెలియనివాళ్ళు తక్కువ. రెండూ బంగారువే. ఒక్కోటి రూపాయి బిళ్ళ కంటే వెడల్పు, రెండు తులాల పైచిలుకు బరువు. ఒకవైపు పొడుగు ముక్కున్న ఎవరో పరదేశపు రాజు తల. రెండోవైపు కిరీటం, డాలు, డాలు చుట్టూ గొలుసు, ఆ గొలుసు కొసన నడుముకు కట్టి వేలాడదీసినట్టు ఒక చిన్న గొర్రె. చుట్టూ ఎవరికీ రాని అక్షరాలు. దశరథం ముత్తాత ఎద్దుల మీద మిరపకాయలు వేసుకుని పడమటి సముద్రం దాకా పోయి, అక్కడి వర్తకుల దగ్గర తెచ్చుకున్నాడని చెప్పుకునేవారు. ఇంటివాళ్ళు వాటిని ముక్కుదొర బిళ్ళలు అనేవాళ్ళు.

రెండో జర్మనీ యుద్ధం మొదలైన ఏడాది అది. బంగారం ధర ఎగబాకుతోంది. అందుకే దశరథం ఊరికే చెరొకటి తీసుకోకుండా పరీక్ష పెట్టించాడు.

వెంకట్రాములు మొదటి బిళ్ళను రాయి మీద గీశాడు. పచ్చటి గీత పడింది. పక్కనే రెండోది గీశాడు. అది కాస్త ఎర్రగా పడింది. రెండింటి మీదా తేజాబు చుక్క అద్దాడు. మొదటి గీత నిలిచింది, రెండోది కొంచెం వెలిసింది. ఆయన కనుబొమలు ముడుచుకుని, బిళ్ళను తిప్పి ఇంకో అంచున గీశాడు. మళ్ళీ అంతే.

"దీంట్ల రాగి ఎక్కువుంది," అన్నాడు.

"రెండు ఒక్కతీరు ఉండాలె గద?" అడిగాడు దశరథం.

"ఒక్క దొర బొమ్మ, ఒక్కటే కొలత. ఉండాలె."

"మరెందుకు లేవు?"

వెంకట్రాములు గొంతు సవరించుకున్నాడు. వాకిలి నిండా జనం ఆయన నోటికేసి చూస్తున్నారు. తెలియదనడం ఆయన వల్ల కాలేదు. "అసలుదాన్ని కరగబెట్టి, జర బంగారం తీసి, రాగి కలిపి మల్ల అచ్చుల పోసి ఉండొచ్చు. గట్ల చేసేటోళ్ళు ఉన్నరు."

దశరథం హన్మమ్మ వైపు చూడలేదు. చుట్టాల వైపు తిరిగాడు. "ఎవరు చేసిండ్రని నేను అడుగుతలేను. మూడు నెల్లు ఆ బిళ్ళలు ఎవరి నడుముకున్నయో అందరికెర్కే."

ఎరుకే. జములమ్మకు ఒళ్ళంతా నీరు పట్టి మెడ వాచిపోయినప్పుడు, తాడు కోసి బిళ్ళలను హన్మమ్మ చేతిలో పెట్టింది. ముసలామెను ఎత్తింది, కడిగింది, గుడ్డలు మార్చింది కూడా హన్మమ్మే. పెద్దకోడలు రుక్కమ్మకు ఆ వాసన పడదు. గడప దగ్గర నిలబడే "ఎట్లున్నవత్తా" అని పోయేది.

ఆ రుక్కమ్మ ఇప్పుడు అందరికంటే ముందుకు వచ్చింది. "తమ్ముని పెండ్లని తల్లిగారింటికి, పెద్దమందడికి పోయి నాలుగొద్దులుండి వచ్చింది. ఉత్తగనే పోయిందా? బిళ్ళలు గూడ ఎంట తీస్కపోయింది!"

"అత్తనే నడుముకుంచుకొమ్మన్నది," అంది హన్మమ్మ. "వచ్చినంక అత్త చేతుల పెట్టిన. తడిమి సూసుకున్నది. మారితే ఆమెకు తెల్వకపోవునా?"

"కండ్లు కనబడనామెకు ఏం తెల్సు!"

హన్మమ్మ తన భర్త వెంకటన్న కోసం చూసింది. అతను గోడకు ఆనుకుని కాలి బొటనవేలితో మట్టి గీకుతున్నాడు. తల ఎత్తలేదు.

దశరథం పచ్చటి బిళ్ళను ధోవతి మొలలో దోపుకున్నాడు. ఎర్రదాన్ని తమ్ముడి కాళ్ళ ముందు విసిరాడు. అది మట్టిలో రెండు దొర్లులు దొర్లింది, ముక్కుదొర బోర్లా పడ్డాడు. "ఇది నీ పాలు. నీ పెండ్లాం చేసింది నువ్వే ఉంచుకో. అమ్మ సొమ్ము తిన్నది ఈ ఇంట్ల పొయ్యి ముట్టొద్దు."

ఆ పూట నుంచి హన్మమ్మకు ఎవరూ ఇంత అన్నం పెట్టలేదు, ఆమె ముట్టింది తినలేదు. బావి దగ్గర ఆమె చేద వేస్తే మిగతా ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకున్నారు. నిన్నటిదాకా "అత్తను బిడ్డ లెక్క చూసుకున్నవు" అన్న నోళ్ళే, "గందుకేనా అంత సేవ" అనడం మొదలుపెట్టాయి. ఆమె ఎదురు తిరిగితే దొంగకు నోరెక్కువ అన్నారు. ఊరుకుంటే దొంగ గనకే ఊరుకుందన్నారు.

రెండో రోజు ఆమె పొలం నుంచి వచ్చేసరికి తన పెట్టెలో చీరలు మడతలు మారి ఉన్నాయి. పుట్టింటివాళ్ళు పెట్టిన రవిక గుడ్డ అడుగున ఉండేది, పైకి వచ్చింది. ఇంట్లో ఉన్నది వెంకటన్న ఒక్కడే. చీరలు మళ్ళీ మడిచి పెట్టుకుంది.

మూడో రోజు చావడిలో పంచాయతీ కూడింది. ఊరి పెద్దలు నలుగురూ, పట్వారీ కూర్చున్నారు. దశరథం చెప్పాల్సింది చెప్పాడు. వెంకట్రాములు రాయి చూపించాడు. కాజేసిన బంగారం తెచ్చి ఇవ్వాలి, లేదంటే హన్మమ్మ ఊరు విడిచి పోవాలి అన్నారు. వెంకటన్న ఆమెతో పోతాడో ఉంటాడో అతని ఇష్టం. అదేమిటని వెంకటన్న కూడా అడగలేదు.

హన్మమ్మ లేచి నిలబడింది. "వెంకట్రాములన్నా, ఆ బిళ్ళ పుట్టినకాడ్నుంచే గట్ల ఉందేమో. నీకెట్ల ఎర్క?"

"ఎర్క లేకుండనే చెప్పిన్నా?" అన్నాడాయన కోపంగా. కానీ ఆ మాట పూర్తయ్యాక ఆయన చూపు రాయి మీదికి దిగింది. గొంతు తగ్గించి అన్నాడు: "పరదేశపు నాణెం సంగతి నాకు తెల్వదు. నిజమే. వనపర్తిల ఖాదర్ సాబ్ ఉన్నడు. పట్నం టంకశాలల ముప్పై ఏండ్లు చేసి వచ్చిండు. తెలిస్తే ఆయనకే తెల్వాలె."

"పోదాం," అన్నాడు దశరథం వెంటనే. "నేనే బండి కడ్త. కాని సాబ్ గూడ దొంగదంటే ఆడ్నుంచి ఆడ్నే పెద్దమందడికి నడువాలె. మల్ల ఈ ఊరి పొలిమేర తొక్కొద్దు."

"సరే," అంది హన్మమ్మ.

తెల్లవారి బండి కదిలింది. దశరథం తోలుతున్నాడు, పక్కన వెంకట్రాములు. వెనక ఒక అంచున వెంకటన్న, ఇంకో అంచున హన్మమ్మ. మధ్యలో ఇద్దరు కూర్చునేంత ఖాళీ. దారిలో జొన్నరొట్టెలు విప్పినప్పుడు ముగ్గురే తిన్నారు. నీళ్ళ ముంత ఆమె దాకా రాలేదు. వాగు దగ్గర బండి ఆపితే దిగి దోసిలితో తాగి వచ్చింది.

బండి కుదుపుల్లో ఆమెకు ఒక కొత్త భయం పట్టుకుంది. తను బిళ్ళను మార్చలేదని తనకు తెలుసు. కానీ ఆ బిళ్ళ అసలుదేనని తనకేం తెలుసు? తను పుట్టకముందే ఎవరో మార్చి ఉంటే? ఏ తాతో, ఏ మేనత్తో కక్కుర్తిపడి ఉంటే? పోయినవాళ్ళ తప్పుకు బతికున్నది తనే గనక తన మీదే పడుతుంది. ఎదురుగా ఊగుతున్న దశరథం వీపును చూస్తూ, ఆ వీపు మీద బండెడు మన్ను పోయాలన్నంత కసి పుట్టింది ఆమెకు.

ఖాదర్ సాబ్‌కు ఎనభై దాటి ఉంటాయి. కళ్ళద్దాలకు ఒక కమ్మీ లేకపోతే దారం కట్టి చెవికి తగిలించుకున్నాడు. విషయం సగం వినేసరికే చెయ్యి అడ్డం ఊపాడు.

"నా తాన లడాయి వద్దు. బిళ్ళ తెస్తే చూస్త. మనిషి దొంగనా కాదా అని నేను చూడ. ఏ బిళ్ళ ఎవరిదో గూడ చెప్పకుండ్రి. నోర్లు మూసుకొని కూసోండ్రి."

దశరథం ఏదో అనబోతే, "నువ్వు ముందు మూసుకో," అన్నాడు.

మొదట రెండు బిళ్ళలకు మెడతాడు కోసం వేసిన కొక్కేలూ విప్పించాడు. ఆ పని వెంకట్రాములు చేత చేయించి, కొక్కెం అతుకు మీద గోరు పెట్టి "ఇది మీ దేశవాళీ పని. దీన్ని కలిపి తూస్తే లెక్క తప్పుతది," అన్నాడు. తర్వాత బిళ్ళలను ఒక్కొక్కటిగా వేలి కొస మీద నిలిపి ఇంకో బిళ్ళతో తట్టాడు. రెండూ సన్నగా, చాలాసేపు మోగాయి. త్రాసులో వేశాడు. మొదటిది రెండు తులాల నాలుగు మాషాలకు రెండు గురిగింజలు తక్కువ తూగింది. రెండోది అర గురిగింజ తేడాతో అంతే. తులంలో పన్నెండో వంతు మాషా, మాషాలో ఎనిమిదో వంతు గురిగింజ.

పిమ్మట గిన్నెతో నీళ్ళు తెప్పించాడు. త్రాసు ఒక చిప్ప తీసేసి, ఆ కొసకు పట్టుదారం కట్టి, బిళ్ళను నీళ్ళలో మునిగేలా వేలాడదీసి మళ్ళీ తూచాడు. హన్మమ్మ కన్నార్పకుండా చూస్తోంది. నీళ్ళలో ముక్కుదొర మెల్లగా తిరుగుతున్నాడు.

"నీళ్ళల్ల ఏ వస్తువైనా బరువు తగ్గుతది," అన్నాడు ముసలాయన వెంకట్రాములుతో, పాఠం చెప్తున్నట్టు. "లోపల ఇత్తడి పెట్టి పైన బంగారం తొడిగితే మూడు మాషాల పైన తగ్గుతది. ఇది మాషా అయిదు గురిగింజలే తగ్గింది. ఇంకోటి దానికన్న అర గింజ తక్కువ తగ్గింది. రెండు లోపల్దంక బంగారమే. ఒకదాంట్ల జర రాగి ఎక్కువ."

"నేనన్నదదే గద!" అన్నాడు దశరథం.

ఖాదర్ సాబ్ అతని వైపు చూడనైనా లేదు. భూతద్దం తీసి ఎర్ర బిళ్ళను వెలుగులో పెట్టాడు. అంచు చుట్టూ ఉన్న సన్నటి నక్షీ చెక్కడాన్ని తిప్పి తిప్పి చూశాడు. వెంకట్రాములుకు అద్దం ఇచ్చి, "గొర్రెను చూడు," అన్నాడు.

వెంకట్రాములు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఉన్ని కనబడుతుంది సాబ్," అన్నాడు చివరికి. "పోగు పోగు."

"అచ్చుల పోస్తే ఉంటదా?"

"ఉండదు. సందులన్ని మూసుకపోతయి. బుడగలు పడ్తయి."

"పోసింది కాదు ఇది. ఉక్కు అచ్చు పెట్టి కొట్టింది. టంకశాల దెబ్బ." ఆయన బిళ్ళలను పక్కపక్కన పెట్టి, చుట్టూ ఉన్న అక్షరాల కింద గోటితో గీశాడు. "ఇగ మీ తెలివికి వద్దాం. ఒక్కటే దొర అని ఎవరన్నరు? ఈ పచ్చదాని మీద పదిహేడువందల అరవై ఎనిమిది అని ఉంది. ఎర్రదాని మీద తొంబై ఎనిమిది. ముప్పై ఏండ్లు తేడా. వాడు తండ్రి, వీడు కొడుకు. స్పెయిన్ దేశం రాజులు. ముక్కొక్కటే, మనుషులు ఇద్దరు."

వెంకట్రాములు భూతద్దాన్ని ఆ అంకెల మీదికి జరిపాడు.

"టంకశాలకు ఇసుంటి నాణేలు కరగబెట్ట వచ్చేటివి. ఎన్నో కరగబెట్టిన. అరవై ఎనిమిదో ఏటివి ఇరవై నాలుగు వంతులకు ఇరవై రెండు వంతులు బంగారం. తర్వాత ఆ తండ్రి రాజుకు పైసలు తక్కువపడ్డయి. దండోరా వెయ్యకుండ, ఎవ్వరికీ చెప్పకుండ బంగారం తగ్గించి రాగి పెంచిండు. ఎనబై ఆరు తర్వాత కొట్టినయన్ని ఇరవై ఒక్క వంతులే. అదే బరువు, అదే ముక్కు, అదే గొర్రె. గీ ఎర్ర బిళ్ళ ఇరవై ఒకటికి తక్కువున్నదేమో గీసి చెప్పు."

వన్నె తెలిసిన బంగారు పుల్లలను వెంకట్రాములు ముందు పడేశాడు. వెంకట్రాములు బిళ్ళను గీశాడు, పక్కన పుల్లను గీశాడు, తేజాబు అద్దాడు. రెండు గీతలూ ఒకేలా వెలిశాయి.

"ఇరవై ఒకటే," అన్నాడు. ఆయన మొహం మాడిపోయి ఉంది.

"అంటే రాగి కలిపింది ఆ రాజు. ఈడున్నోళ్ళు ఎవరూ కాదు," అన్నాడు ఖాదర్ సాబ్. "రెండు అసలువే. లేవుండ్రి."

దశరథం లేవలేదు. "రాజు కలిపేటప్పుడు నువ్వు చూసినవా?"

ముసలాయన అద్దాల పైనుంచి చూశాడు. "ఎవరు కలిపిండ్రంటవో వాళ్ళు కలిపేటప్పుడు నువ్వు చూసినవా?"

హన్మమ్మ తనకు ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఇన్ని రోజులు గుండె మీద ఉన్న బరువు దిగుతుందనుకుంది. దిగకపోగా అది వేడెక్కింది. ఎక్కడో సముద్రాల అవతల, నూట యాభై ఏళ్ళ కింద, ఒక రాజు చేసిన దొంగతనానికి ఘణపురంలో తన చేద మైలపడింది. "సాబ్, ఇదంత కాయితం మీద రాసియ్యి," అంది. అక్కడ ఆమె మాట్లాడిన మాట అదొక్కటే. ఆయన విసుక్కుంటూనే ఉర్దూలో రాసి, వేలిముద్రలా తన పాత టంకశాల ముద్ర గుద్ది ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో ఆమె బండి ఎక్కలేదు. బండి వెనక నడిచింది. కొంతదూరం పోయాక వెంకటన్న కూడా దిగి ఆమె పక్కకు వచ్చాడు.

"నాకు ముందునుంచే తెల్సు, నువ్వు అట్లాంటిదానివి కాదని," అన్నాడు.

"తెల్సినోనివి నా పెట్టె ఎందుకు దేవులాడినవు?"

అతని అడుగు తడబడింది. "అన్న సూడుమన్నడు... ఏం లేదని తెలిస్తే ఆయన నోరు మూయించొచ్చని..."

"ఏం లేదని తెలిసింది గద. మూయించినవా?"

వెంకటన్న దారిలోని గులకరాయిని కాలితో తన్నాడు.

"దినాలనాడు నువ్వు మాట్లాడలే. చావడిల మాట్లాడలే. బండ్ల నీళ్ళ ముంత నీ చేతిల ఉండె, నా దిక్కు చాపలే. మీ అన్న నన్ను దొంగ అన్నడు. ఆయన పరాయోడు, అంటడు. నువ్వెవరు?"

మిగతా దారంతా అతను నాలుగడుగుల వెనకే నడిచాడు.

మర్నాడు చావడిలో పట్వారీ ఆ కాగితం చదివి తెలుగులో చెప్పాడు. ఊరి పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇక తగాదా లేదు, ఎవరి పాలు వారిది, పోయిరమ్మన్నారు. హన్మమ్మ కదల్లేదు.

"ఇంకేంది?" అన్నాడు దశరథం. "కాళ్ళు మొక్కాల్నా నీకు?"

"వద్దు బావా. దొంగ అన్న నోటితోనే కాదు అను. నలుగుర్ల అన్నవు, నలుగుర్ల అను."

"నేనెక్కడన్న? రాయి అన్నది."

అప్పుడు వెంకట్రాములు లేచాడు. ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "రాయి అన్లే దశరథం. రాయి రాగి ఉందనే చెప్పింది. అది అబద్ధం కాదు. ఈమె కలిపిందన్నది రాయి కాదు, నేను. తర్వాత నువ్వు. తెల్వదని చెప్తే నా పరువు పోతదనుకున్న." ఆమె వైపు తిరిగి, "తప్పు మాటన్న బిడ్డా," అన్నాడు.

దశరథం కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "అందరు ఆమె దిక్కే ఐండ్రు," అని మెట్లు దిగి పోయాడు. ఎవరూ ఆపలేదు. దొంగ కాదన్న మాట అతని నోట ఎప్పటికీ రాలేదు.

ఇల్లు రెండైంది. పశువుల కొట్టం పక్కన హన్మమ్మ మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వేసుకుంది. చేను కూడా గట్టు వేసి చీల్చారు. ఎద్దుల జత మాత్రం తన కష్టార్జితమని దశరథం ఇవ్వలేదు. తొలకరి పడింది. ఊరంతా దుక్కులు దున్నుతోంది. వెంకటన్న అన్న దగ్గరికి పోయి రెండు రోజులకు ఎద్దులు అడిగాడు. "నీ పెండ్లాం కాయితం రాపిచ్చుకచ్చింది గద. దాన్ని కట్టి దున్ను," అన్నది రుక్కమ్మ గడపలోంచి.

ఆ మాట విన్న రోజే హన్మమ్మ బిళ్ళను కొంగున ముడేసుకుంది.

"అమ్ముతవా?" అన్నాడు వెంకటన్న. "అమ్మ గుర్తు."

"మీ అమ్మ గుర్తు కావాల్నంటే ఆమె పండిన మంచం ఉంది. తెచ్చుకో. ఎవరూ అడ్డం రారు."

పొద్దు పొడవకముందే ఒంటరిగా బయల్దేరి వనపర్తి చేరింది. ఖాదర్ సాబ్ తిట్టుకుంటూనే బంగారం కొనే షరాబు దుకాణం దాకా వచ్చి, ఇరవై ఒక్క వంతులకు ఒక్క గురిగింజ ఎత్తు తగ్గకుండా ధర కట్టించాడు. షరాబు బిళ్ళను మళ్ళీ గీటురాయి మీద పెట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "గీకింది చాలు. సాబ్ మాట నమ్మితే తీస్కో, లేకుంటే ఇటియ్యి." షరాబు తీసుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె అంగడిలో కొన్న ఎద్దుల జతను తోలుకుంటూ ఊళ్ళోకి వచ్చింది. తన కొట్టానికి వెనక దారే దగ్గర. అయినా ఆమె దశరథం వాకిలి ముందు నుంచే తోలింది. అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎద్దులను ముట్టె నుంచి తోక దాకా చూశాడు.

"ఎడమదాని కొమ్ము వంకర," అన్నాడు.

హన్మమ్మ తల తిప్పలేదు. పగ్గం సడలించలేదు. వెంకటన్న ఎదురొచ్చి పగ్గం అందుకోబోతే ఇవ్వలేదు. "పోయి నాగలి తియ్యి," అంది. అతను పరుగున పోయాడు. ఆ మధ్యాహ్నమే వాళ్ళ చేనులో మొదటి సాలు పడింది.